తల వేరు, గొంతు వేరు

బోధన్ ప్రాంతపు పల్లెలలో పుట్టి పెరిగినవారికి మైకు సెట్టు అనగానే ఒక వేపచెట్టు జ్ఞాపకం వస్తుంది. పెండ్లి పందిట్లో ఒక మూల చెక్క బల్ల. దాని మీద ఇనుప పెట్టె. ఆ పెట్టె ముఖాన చిన్న ఎర్ర దీపం. పెట్టె నుండి బయలుదేరిన తీగ గుంజల మీదుగా, పెంకుల మీదుగా, ప్రహరీ గోడ దాటి పోయి, వేపచెట్టు కొమ్మకు కట్టిన గరాటు మూతిలో ప్రవేశించేది. పాట పందిట్లో పుట్టి చెట్టు మీద నుండి పలికేది. పెట్టెకు కాపలాగా మైకు సెట్టు మనిషి బల్ల దగ్గర కూర్చుండేవాడు. పాటకు కాపలాగా పిల్లలం మేము చెట్టు క్రింద కూర్చుండేవాళ్ళం. ఈ రెండింటి నడుమ ఎంత దూరం ఉన్నదో, ఆ దూరంలో ఏమి ప్రయాణం చేస్తున్నదో మాకు తెలియదు, తెలుసుకొనవలెనన్న ఆలోచన కూడా లేదు.

అది 1970 దశకం చివరి మాట. చెరకు బండ్లు శక్కర్‌నగర్ దారి పట్టే నెలలలోనే మా వైపు చేతిలో నాలుగు రూకలు ఆడేవి, పెండ్లిండ్లు జరిగేవి, మైకులు మ్రోగేవి. 1937లో ఏర్పడిన నిజాం చక్కెర కర్మాగారం 2015లో మూతపడినది. చెరకు తోటలున్న చోట్ల ఇప్పుడు వరి, సోయా, పసుపు కనబడుతున్నవి. కర్మాగారం సంగతి ఇక్కడ నా విషయం కాదు. కాని నేను చెప్పబోయే కుర్రవాడు ఆ చెరకు నేలలో పుట్టినవాడు కనుక ఆ మాట ముందుగా అనవలసి వచ్చినది.

అతడు నా దగ్గర డిగ్రీలో తెలుగు చదివినాడు. ఛందస్సులో మార్కులు అంతంతమాత్రం. గిటారులో మాత్రం ఆరితేరినవాడు. ఆదివారం ఉదయం బోధన్ దగ్గర తమ ఊరి చర్చిలో వాయిస్తాడు. ముహూర్తాలున్న రోజులలో ఆర్కెస్ట్రాతో కలిసి పెండ్లిండ్లలో వాయిస్తాడు. ఈ రెండవ దాని మీద వచ్చే రాబడే ఇంటికి ముఖ్యం. రెండేండ్లు కూడబెట్టి హైదరాబాదులో ఎవరో అమ్ముతున్న పాత వాల్వు ఆంప్లిఫైయరు ఒకటి కొన్నాడు. ఆంప్లిఫైయరూ, పన్నెండు అంగుళాల స్పీకరూ ఒకే చెక్కపెట్టెలో బిగించిన రకం అది. వాద్యకారులు దానిని కాంబో అంటారు. తూకం ఇరవై కిలోలకు తక్కువ కాదు. దానిని భుజాన వేసుకొని బోధన్‌లో బస్సెక్కి, ఎడపల్లి మీదుగా నిజామాబాదులో దిగి, అక్కడ నుండి ఆటోలో పందిరి దాకా పోవటం అతని పని. ఒకనాడు మా ఇంటి అరుగు మీద ఆ పెట్టెను దించి, చేయి విదిలించుకొంటూ అన్నాడు:

"సార్, దీన్ని రెండు ముక్కలు చేస్త. ఆంప్లిఫైయర్ వేరే పెట్టెల పెట్టుకుంట. స్పీకరు యాడనన్న దొరుకుతది, తలకాయ ఒక్కటి నేను మోసుకుంట."

తలకాయ అన్నమాట నాకు నవ్వు తెప్పించినది. తరువాత తెలిసినది, ఆ విద్యవారందరూ దానిని అట్లాగే పిలుస్తారట: స్పీకరు లేని ఆంప్లిఫైయరు పెట్టె పేరు 'హెడ్డు'. అంటే తల. గొంతు వేరే పెట్టెలో ఉంటుంది.

మోత తగ్గించుకొనటం ఒక్కటే కారణం కాదని అతడు వివరించినాడు. స్పీకరు పలికినప్పుడల్లా పెట్టె అంతా అదురుతుంది. అదే పెట్టెలో తలక్రిందులుగా వ్రేలాడే గాజు వాల్వులు కూడా అదురుతవి. లోపలి సన్నని లోహపు జాలీలు వణికినప్పుడు వాల్వు తానే ఒక మైకు వలె పనిచేసి, వాయించని గీ మను శబ్దాన్ని పుట్టిస్తుంది. పై పెచ్చు వేడి. ఆ వేడి పైనున్న భాగాలను మెల్లగా ఎండగడుతుంది. ఇక పందిట్లో పెట్టెను ఎక్కడ పెట్టినా చిక్కే. నేల మీద పెడితే మీటలు అందవు, బల్ల మీద పెడితే శబ్దం మోకాళ్ళకు బదులు చెవులలోకే కొడుతుంది. వేరు చేస్తే తలను దగ్గర, గొంతును దూరాన ఉంచుకొనవచ్చును. మా ఊరి మైకు సెట్టు మనిషి చేసినది కూడా ఇదే కదా అనుకొన్నాను.

నిజానికి ధ్వనియంత్రాల చరిత్ర అంతా ఈ కలపటం, విడదీయటమే. 1920 దశకంలో రేడియో సెట్టు ఒక పెట్టె, దానికి గరాటు స్పీకరు వేరొకటి. 1925లో అమెరికాలో రైస్, కెల్లాగ్ అను ఇద్దరు ఇంజనీర్లు కాగితపు శంకువు, తీగచుట్ట గల స్పీకరును వివరించి ప్రకటించినారు. క్రమంగా గరాటు పోయి, సెట్టూ స్పీకరూ ఒకే బీరువాలో చేరినవి. గిటారు ఆంప్లిఫైయరు ఈ కలిసిన రేడియోకు తోబుట్టువే. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో 1938లో రేడియోలు బాగుచేసే దుకాణం తెరచిన లియో ఫెండర్ ఆ తరువాత గిటారులకు, వాటి పెట్టెలకు లోకప్రసిద్ధుడైనాడు. గిటారు వాయించటం ఆయనకు రాదు. వాద్యకారులను పిలిచి వాయింపించుకొని, విని, దిద్దుకొనేవాడు. (వాయించటం రానివాడు వాద్యాన్ని మార్చినాడంటే, పద్యం వ్రాయలేక పద్యం బోధించే నావంటివారికి కొంత ధైర్యం కలుగుతుంది.)

ఆయన 1952లో తెచ్చిన 'బాస్‌మన్' అను పెట్టె మొదట కాంబోయే. 1950 దశకం చివరికి ఒకే పెట్టెలో పదేసి అంగుళాల స్పీకర్లు నాలుగు అమర్చినారు. వేదికలు పెద్దవై, వాయించేవారికి ఇంకా పెద్ద శబ్దం కావలసి వచ్చేసరికి, 1960 దశకం ఆరంభంలో ఫెండరే ఆంప్లిఫైయరును విడదీసి స్పీకరు పెట్టె మీద ఎక్కించి అమ్మసాగినాడు. ఇంచుమించు అప్పుడే, 1962లో, లండన్ పడమటి కొసన హాన్‌వెల్‌లో డ్రమ్ములు నేర్పుతూ వాద్యాల అంగడి నడుపుకొనే జిమ్ మార్షల్ తన దగ్గరి పనివారితో కలిసి ఆ బాస్‌మన్ తీగల అల్లికనే ఆధారంగా తీసుకొని తన మొదటి ఆంప్లిఫైయరును చేయించినాడు. ఆయన దానిని కాంబోగా కాక తలగానే ఉంచి, పన్నెండేసి అంగుళాల స్పీకర్లు నాలుగు గల మూసిన పెట్టెను దానికి జత చేసినాడు. తరువాత కొన్నేండ్లకు అదే మార్షల్ మళ్ళీ కాంబోలు చేసినాడు. కారు వెనుక అరలో పట్టే పెట్టె కావలెనని ఎరిక్ క్లాప్టన్ అను యువ గిటారు విద్వాంసుడు అడిగినందున చేసినాడని ఒక కథ చెప్పుకొంటారు. లండన్‌లో కారులో పట్టటానికి కలిపినారు; బోధన్‌లో బస్సులో పట్టటానికి మావాడు విడదీయదలచినాడు.

తెలుగు పంతులును కనుక నాకు ఒక పోలిక తోచినది. రామబాణం అన్న సమాసాన్ని విడదీసి రాముని యొక్క బాణం అని విగ్రహవాక్యం చెప్పినప్పుడు, సమాసంలో కనబడని 'యొక్క' బయటకు వస్తుంది. అది అంతకు ముందు లేదని కాదు. లోపల అణగి ఉన్నది. కాంబోను విడదీసినప్పుడు అట్లా బయటపడేది ఒక తీగ. పెట్టె లోపల జానెడు పొడవున, ఎవరి కంటా కాలా పడకుండా ఉన్న తీగ, విడదీసిన తరువాత రెండు పెట్టెల నడుమ నేల మీద పడి ఉంటుంది. ఈ కథలో అసలు ప్రమాదం ఆ తీగదే. అదెందుకో చెప్పటానికి ముందు పదవ తరగతి భౌతికశాస్త్రం కొంచెం కావలెను.

వాల్వులు ఎక్కువ వోల్టేజీతో, తక్కువ కరెంటుతో పనిచేస్తవి. స్పీకరు చుట్టకు దీనికి విరుద్ధంగా తక్కువ వోల్టేజీ, ఎక్కువ కరెంటు కావలెను. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చే మధ్యవర్తి ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు. దానిలో స్పీకరు వైపు ఒక చుట్టుకు వాల్వుల వైపు దాదాపు ఇరవై తొమ్మిది చుట్లు ఉన్నవనుకొందాం. అవరోధాల నిష్పత్తి చుట్ల నిష్పత్తికి వర్గం గనుక, 8 ఓముల స్పీకరు వాల్వులకు సుమారు 6,700 ఓములుగా కనబడుతుంది. 6వి6 రకం వాల్వుల జంటకు నప్పే భారం ఇంచుమించు అంతే. స్పీకరును ఊడదీసినారనుకొనండి. ఇప్పుడు వాల్వుల ఎదుట భారం లేదు. కరెంటు పోవటానికి చోటు లేక ట్రాన్స్‌ఫార్మరు చుట్టలలో వోల్టేజీ ఎన్నో రెట్లు లేచి, చుట్టకూ చుట్టకూ నడుమనున్న పూతను చీల్చుకొని పోతుంది. వినేవాడు లేనప్పుడు వాయిస్తే యంత్రం తనను తానే కాల్చుకొంటుందన్నమాట. ట్రాన్సిస్టరు సెట్లకు ఈ బాధ లేదు. వాటికి స్పీకరు లేకున్నా ముప్పు లేదు, రెండు తీగలు ఒకదానికొకటి తగిలితేనే ముప్పు. ఈ తేడా తెలియక చేతులు కాల్చుకొన్న మెకానిక్కులున్నారు.

మా కుర్రవాడు పోయినది అట్లాంటివారి దగ్గరకు కాదు. నిజామాబాదులో ఒక పాత మైకు సెట్ల మెకానిక్కు ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి. పిల్లలందరూ చాచా అంటారు. దుకాణం ఇప్పుడు పేరుకే ఉన్నది. ఎక్కువగా సెల్‌ఫోను చార్జర్లు అతుకుతాడు. పెట్టె వెనుక పలక విప్పి చూసి, "సార్, వాల్వు సెట్టు చేతిల వట్టి ఇరవై ఏండ్లయింది" అన్నాడు నాతో. ఆ ముఖం చూస్తే కూలి కూడా అడగడేమో అనిపించినది. అడిగినాడు, అది వేరే సంగతి.

ఆయన చేసిన మొదటి పని కుర్రవాని చేయి పట్టుకొని వెనుకకు లాగటం. ప్లగ్గు పీకినంత మాత్రాన పెట్టె చచ్చిపోదు. లోపలి పెద్ద కండెన్సర్లు నాలుగు వందల వోల్టుల దాకా పట్టి ఉంచుకొని ఎంతసేపైనా కాచుకొని ఉంటవి. ఒక నిరోధకపు కాళ్ళకు తీగలు చుట్టి, పిడికి టేపు వేసి, ఒక చేయి జేబులో పెట్టుకొని, రెండవ చేత్తో ఒక్కొక్క కండెన్సరును ఖాళీ చేసినాడు. మీటరు పెట్టి చూసినాడు. మళ్ళీ చూసినాడు. ఒక చేయి జేబులో ఎందుకని అడిగితే, "రెండు చేతులు పెడితే కరెంటు గుండెకెల్లి పోతది" అన్నాడు. సైన్సు ఉపాధ్యాయులు ఈ ఒక్క వాక్యాన్ని తరగతిలో చెప్పినా చాలును; విద్యార్థులు మాత్రం ఇట్లాంటి పెట్టెలను సొంతంగా విప్పవద్దు.

తరువాత వడ్రంగి పని. ఆంప్లిఫైయరు చట్రం పొడవు, లోతు, వాల్వుల ఎత్తు కొలిచి, పైన నాలుగు వ్రేళ్ళ ఖాళీ వదిలి, వెనుక పలకకు వేడి పోయే సందులు పెట్టి కొత్త పెట్టె చేయించినారు. పెట్టె పూర్తి అయి చట్రం ఎక్కించిన తరువాత గుంయిమని ఒకటే రొద. పాత పెట్టె లోపల, చట్రం తెరిచి ఉన్న వైపున, పలకకు పలుచని లోహపు రేకు అంటించి ఉన్నదన్న సంగతి ఎవరూ గమనించలేదు. ఆ రేకు తెర అడ్డున్నంత కాలం బయటి విద్యుత్తు గుసగుసలు లోపలికి రాలేదు. రేకు వేసినారు, రొద సగం తగ్గినది. మిగిలిన సగం స్ప్రింగులది. ప్రతిధ్వని కొరకు అటువంటి పెట్టెలలో సన్నని స్ప్రింగులు గల ఒక రేకు తొట్టి ఉంటుంది. శబ్దం స్ప్రింగుల వెంట పోయి ఆలస్యంగా తిరిగి వస్తుంది. కాంబోలో అది అడుగున, కరెంటు ట్రాన్స్‌ఫార్మరుకు దూరాన పండుకొని ఉండేది. చిన్న పెట్టెలో దానికి చోటు ట్రాన్స్‌ఫార్మరు ప్రక్కనే దొరికినది. ఆ ట్రాన్స్‌ఫార్మరు అయస్కాంతక్షేత్రాన్ని తొట్టి గ్రహించి తానూ పాడటం మొదలుపెట్టినది. తొట్టిని అటూ ఇటూ త్రిప్పి, చివరకు రెండవ కొసన పెట్టేసరికి శాంతించినది. పెద్ద పెట్టెలో చెక్కను వృథా చేసినారని మేమనుకొన్న ఖాళీ అంతా ఊరికే వదిలినది కాదని అప్పుడు తెలిసినది.

పాత పెట్టెలో స్పీకరును అట్లాగే ఉంచి, ఆంప్లిఫైయరు ఉన్న పై అర ముందు పలక మూసినారు. తలకు వెనుక ఒక సాకెట్టు, స్పీకరు పెట్టెకు ఒక సాకెట్టు. నడుమ తీగ. గిటారుకు వాడే తీగా, స్పీకరుకు వాడే తీగా చివరల ఒకే రకం ప్లగ్గుతో ఉంటవి, చూపునకు కవలలు. కాని గిటారు తీగ లోపలి నరం వెంట్రుక వంటిది, స్పీకరు కరెంటును మోయలేదు. చాచా మందపు రెండు పోగుల తీగ తెచ్చి, దానికి ఎర్రటి టేపు చుట్టి, "గిది స్పీకరుది. ముందుగాల గిది పెట్టు, ఆనక కరెంటు పెట్టు. ఇప్పేటప్పుడు కరెంటు ముందు తియ్యి" అని మూడుసార్లు చెప్పినాడు. కుర్రవాడు మూడుసార్లూ తల ఊపినాడు.

వర్ని వైపు ఒక పల్లెలో పెండ్లి. అతడు చెప్పిన క్రమం తప్పలేదు. స్పీకరు ముందు పెట్టినాడు, కరెంటు తరువాత పెట్టినాడు. పాట నడుమ, బరాత్‌లో ఆడుతున్న పెద్దమనిషి ఒకరి కాలు తీగకు తగిలి ప్లగ్గు ఊడినది. శబ్దం ఆగిపోయినది. చుట్టూ డప్పులు మ్రోగుతున్నవి. తన గిటారు ఎందుకు వినబడటం లేదో తెలియక శబ్దం మీటను పూర్తిగా త్రిప్పి, ఇంకా గట్టిగా వాయించినాడు. ఇంకొక నిమిషానికి కాలిన లక్క వాసన. ఆ రాత్రి ఆర్కెస్ట్రావారు అతనికి సగం కూలి ఇచ్చి పంపినారు. మరునాడు తలను సంచిలో వేసుకొని మా ఇంటికి వచ్చినాడు, అరుగు మీద కూర్చున్నాడు, ఏమీ మాట్లాడలేదు. విడదీయకుండా ఉంటే ఆ ప్లగ్గూ లేదు, ఆ తీగా లేదు. ఆ మాట అతడు అనలేదు, నేనూ అనలేదు.

కొత్త ట్రాన్స్‌ఫార్మరుకు డబ్బు లేదు. కాని నిజామాబాదు చుట్టుప్రక్కల బోరుబావుల మోటార్లకు చుట్టలు చుట్టే దుకాణాలకు కొదువ లేదు. చాచా తనకు తెలిసిన ఒక పనివాని దగ్గర కూర్చుని, కాలిన చుట్టను ఒక్కొక్క పొరే విప్పించినాడు. వాల్వుల వైపు చుట్ట ఒక పొర, స్పీకరు వైపు చుట్ట ఒక పొర, మళ్ళీ వాల్వుల వైపుది, ఇట్లా పేర్చి ఉన్నవి. మోటారు చుట్టేవానికి ఇది కొత్త. కుర్రవాడు నోటుపుస్తకం పట్టుకొని చుట్లు లెక్క వ్రాసినాడు. శిథిలమైన తాళపత్రాన్ని విప్పి ప్రతి వ్రాసుకొనేవారి ఓపిక అది. ఛందస్సులో గణాలు లెక్కపెట్టటానికి విసుగుకొన్నవాడు వెంట్రుకవంటి తీగను వేలకొలది చుట్లు లెక్కపెట్టినాడు. మొదటిసారి చుట్టినది పనికిరాలేదు. రెండవసారి చుట్టినది పలికినది. ముందటి మెరుపు పై స్వరాలలో కొంచెం తగ్గినదని అతడంటాడు, నా చెవికి తేడా తెలియలేదు.

అప్పుడు చాచా సాకెట్టు మార్చినాడు. ప్లగ్గు ఊడిన క్షణంలో లోపలి రెండు రేకులు ఒకదానికొకటి తగిలి దారి మూసే రకం అది. వాల్వు ట్రాన్స్‌ఫార్మరుకు తెరిచి ఉండటం కంటె కొంతసేపు మూసి ఉండటం మేలు. ఫెండర్ పెట్టెల వెనుక ఇట్లాంటి సాకెట్టే ఉంటుంది. ఇంతటితో అయిపోయినదని నేననుకొన్నాను. ఆయన నవ్వి, "సార్, తీగకు రెండు కొసలుంటయి గద" అన్నాడు. నిజమే, ఆ పెండ్లిలో ఊడినది తల వైపు కాదు, స్పీకరు వైపు. అటు ఊడితే ఈ కొత్త సాకెట్టుకు ఆ సంగతే తెలియదు. అందుచేత ట్రాన్స్‌ఫార్మరు చివరల నడుమ 470 ఓముల మందపాటి నిరోధకం ఒకటి శాశ్వతంగా అతికినాడు. స్పీకరున్నప్పుడు అది తాగే శక్తి స్వల్పం. స్పీకరు లేనప్పుడు వోల్టేజీకి అంతో ఇంతో దారి. అది పూర్తి రక్ష కాదని కూడా చెప్పినాడు. స్పీకరు వైపు తీగను పెట్టె పిడికి ఒక మెలిక వేసి కట్టమన్నాడు. మా ఊరి మైకు మనిషి కూడా తీగను వేపకొమ్మకు అట్లాగే మెలిక వేసి కట్టేవాడని నాకు చప్పున గుర్తుకు వచ్చినది. ఊడిపోకుండా కడుతున్నాడని మాత్రమే చిన్నప్పుడు అనుకొన్నాను.

ఇంతకూ ఈ విడదీయటం లాభమా? శబ్దం మారినది. వెనుక తెరిచి ఉన్న పాత పెట్టె శబ్దాన్ని ముందుకూ వెనుకకూ పంచేది. మూసిన పెట్టెకు కలిపితే మంద్రస్వరాలు గట్టిపడుతవి. ఏది మంచిదన్నది చెవిని బట్టి, పందిరిని బట్టి. బరువు రెండు చేతులకు పంచబడినది గాని మొత్తం మీద పెరిగినది, రెండవ పెట్టె చెక్క బరువు ఎక్కడికి పోతుంది? అయితే చర్చిలో ఒక స్పీకరు పెట్టె చేయించి పెట్టినారు గనుక ఆదివారాలు అతడు తల ఒక్కటే తీసుకుపోతాడు. అక్కడ తీగ గోడ వెంట మేకులకు కట్టి ఉన్నది, ఎవరి కాలికీ అందదు. పెండ్లిండ్లకు రెండు పెట్టెలూ ఆటోలో వేసుకొని పోతాడు. ఈ రోజుల ఊరేగింపులలో డీజే పెట్టెలు ఆంప్లిఫైయరును తమ కడుపులోనే దాచుకొని వస్తున్నవి. గొంతులోకి తల మళ్ళీ చేరినది. వాటి మోతలో మావాని ఇరవై వాట్ల గిటారు వినబడటం కష్టమే. చర్చి వారు, చిన్న పందిళ్ళ వారు ఇంకా పిలుస్తున్నారు.

మొన్న క్రిస్మసుకు పిలిస్తే వాళ్ళ ఇంటికి పోయినాను. ముందు గదిలో పాత పెట్టె ఉన్నది. ఆంప్లిఫైయరు ఉండిన పై అర వెనుక నుండి తెరిచే ఉన్నది. వాళ్ళమ్మ అందులో కీర్తనల పుస్తకం, కండ్లద్దాలు పెట్టుకొంటున్నది. వాయించే ముందు వాడు వచ్చి అవి తీసి కిటికీలో పెట్టినాడు. పెట్టె అదిరితే అద్దాలు క్రింద పడతవట.